ఎవలు పొమ్మన్నరు?

ముసురు పట్టిందంటే హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూ ఒకే రంగుకు వస్తాయి. పద్మాక్షి గుట్ట మసకబారుతుంది. భద్రకాళి చెరువు ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో కనిపెట్టలేం. దండెం మీది బట్టలు ఆరవు. ఇంటికొకరు తుమ్ముతుంటారు, రెండిళ్లకొకరు దుప్పటి ముసుగేసుకుని మూలుగుతుంటారు. ఊళ్లో సైకిల్ పిచ్చి పట్టిన కొందరం మాత్రం ఏడాదంతా ఈ రోజుల కోసమే చూస్తాం. మే నెలలో ఉదయం తొమ్మిదికే తారు మెత్తబడే రోడ్ల మీద వంద కిలోమీటర్లు తొక్కడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. వానలు పడితే ములుగు రోడ్డు వేరే రోడ్డు అయిపోతుంది. ఆత్మకూరు దాటగానే రెండు పక్కలా నాట్లు, పత్తి చేలు, జాకారం దాకా పోతే తడిసిన ఆకుల వాసన. అందుకే మా పెద్ద రైడ్లన్నీ జులై, ఆగస్టుల్లోనే పడతాయి. జ్వరాలూ అప్పుడే వస్తాయి.

వానా జ్వరమూ రైడూ ఒకే ఆదివారం నాడు కలవడం మాకు వింత కాదు. వింతల్లా ఒకటే: వాన గురించి మేం గంటలకొద్దీ మాట్లాడుకుంటాం, జ్వరం గురించి ఎవరూ నోరు విప్పరు. రిమ్ము తడిస్తే బ్రేకు ఎంత ఆలస్యంగా పడుతుంది, రోడ్డు మీది తెల్లగీత ఎంత జారుతుంది, తొలివానకు తారు మీద తేలే నూనె ఎంతమందిని పడేసింది, మడ్‌గార్డు లేని సైకిల్ వెనక పోతే నోట్లోకి ఎంత బురద పోతుంది – ఇవన్నీ మాకు కంఠతా వచ్చు. 39 డిగ్రీల జ్వరంతో పెడల్ తొక్కితే ఏమవుతుందో మాత్రం ఎవరికి వాళ్లు రహస్యంగా తెలుసుకోవలసిందే.

ఆలోచిస్తే కారణం దొరుకుతుంది. వాన అందరి మీదా పడుతుంది. ముందున్నవాడినీ తడుపుతుంది, వెనకున్నవాడినీ తడుపుతుంది. దాన్ని తిట్టుకుంటూ తొక్కడంలో ఒక స్నేహం ఉంది. జ్వరం అలా కాదు. అది ఒక్కడిది. పక్కవాడికి కనపడదు, చెబితే సాకులా వినిపిస్తుంది. చెప్పకపోతే వీరత్వం అనుకుంటామేమో గానీ చాలాసార్లు అది ఉత్త మొహమాటం.

మాది అసలు పందెం కాదని కూడా చెప్పాలి. హైదరాబాద్ మిత్రులు చాలా ఏళ్లుగా చేసే బ్రెవేల పద్ధతినే మేమూ పట్టుకున్నాం. ఆ పద్ధతికి మూలం పారిస్‌లో 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్బు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఫస్టూ లేదు, సెకండూ లేదు. దారిలో అక్కడక్కడా కార్డు మీద ముద్ర వేయించుకుని గడువు లోపల రావాలి. అంతే. వచ్చినవాడి పేరు జాబితాలోకి ఎక్కుతుంది. రానివాడి పేరు పక్కన డీఎన్‌ఎఫ్ అని మూడక్షరాలు పడతాయి. ఎందుకు రాలేదో ఆ మూడక్షరాల్లో ఉండదు. పంచరైనా, పిల్లాడికి ఒంట్లో బాగాలేదని ఫోనొచ్చినా, బద్ధకించి పడుకున్నా అవే అక్షరాలు. పోటీ లేదంటారు గానీ గడియారం ఉన్నచోట పోటీ లేకపోవడం ఎలా? ఎదుటివాడు లేని పోటీ ఇంకా మొండిది. ఓడిపోయానని చెప్పడానికి ఎవరూ ఉండరు.

మా తరంవాళ్లకు ఈ మొండితనాన్ని మొదట నేర్పింది పారిస్ కాదు. పరకాల దగ్గరి మా ఊళ్లో బడి మైదానం.

ఇప్పుడవి కనపడవు గానీ అప్పట్లో ఊరూరా తిరిగే సైకిల్ ఆటగాళ్లుండేవాళ్లు. మైదానం మధ్యలో ఒక గుంజ పాతి, దానికి మైకు సెట్టు, ట్యూబ్‌లైటు కట్టి, చుట్టూ తాడు లాగేవాళ్లు. ఆ గుంజ చుట్టూ ఒక మనిషి రాత్రీ పగలూ సైకిల్ తొక్కుతూనే ఉండేవాడు. మూడు రోజులు, అయిదు రోజులు, కాస్త పెద్ద ఊరైతే వారం. కాలు కింద పెట్టకూడదు. సైకిల్ మీదే అన్నం, సైకిల్ మీదే స్నానం, గడ్డం గీసుకోవడం కూడా దాని మీదే. సాయంత్రం జనం చేరాక నేల మీద పెట్టిన రూపాయి నోటును తొక్కుతూనే వంగి పళ్లతో అందుకునేవాడు. ఊరి పెద్దలు అంగీకి నోట్లు గుచ్చేవాళ్లు. పిల్లలం మాత్రం ఒక్క ప్రశ్నతో సతమతమయ్యేవాళ్లం: అందరూ పడుకున్నాక దిగుతాడా, దిగడా? దిగుతుండగా పట్టుకుందామని గోనెపట్టా కప్పుకుని మైదానం అరుగు మీద కూర్చునేవాళ్లం. ఎప్పుడో నిద్ర ముంచుకొచ్చేది. తెల్లారి లేచేసరికి అతను తొక్కుతూనే కనిపించేవాడు. రుజువు ఎప్పటికీ దొరకలేదు.

ఒకసారి ఆట సగంలో ఉండగా ముసురు పట్టింది. మైదానం బురదయింది. చక్రం దిగబడుతుంటే అతను హ్యాండిల్ మీదికి వంగి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి తొక్కేవాడు. దగ్గు మొదలైంది. అప్పుడు మైకు దగ్గరి సహచరుడు పాట ఆపి ప్రకటించాడు: మన కళాకారుడికి నిన్న రాత్రి నుంచి తీవ్రమైన జ్వరం, అయినా మీ ఊరి మీద అభిమానంతో దిగడం లేదు, ఆదరించండి. అంతే. అప్పటిదాకా గొడుగుల కింద ముడుచుకుని చూస్తున్న జనంలో కదలిక వచ్చింది. అంత వానలో నోట్లు గుచ్చడానికి వరస కట్టారు. జ్వరం నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. నిజమైతే మాత్రం ఆ రాత్రి ఊరంతా కలిసి ఒక రోగికి దిగవద్దని డబ్బు ఇచ్చింది. మంచం మీద పడుకుంటే ఇవ్వని డబ్బు అది. మా నాన్న కూడా గుచ్చాడు.

ఆ మైకు ప్రకటన ఊళ్లు దాటి, భాషలు దాటి వెళ్లింది. ఆటల వార్తల్లో ఇప్పటికీ అదే వినిపిస్తుంటుంది: జ్వరాన్ని లెక్కచేయక, గాయాన్ని పట్టించుకోక. సైకిల్ పందేల చరిత్ర నిండా ఇలాంటి కథలే. వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ ఇనోది. ఇష్టానికి కారణం అందరూ చెప్పేది మాత్రం కాదు.

అందరూ చెప్పేది ఇదీ. 1980 ఏప్రిల్ 20న బెల్జియంలో లియేజ్ నుంచి బాస్తోన్ వెళ్లి తిరిగొచ్చే పాత పందెం. బయల్దేరిన కాసేపటికే మంచు మొదలైంది. 174 మంది బయల్దేరితే చివరికి గీత దాటినవాళ్లు 21 మంది. చాలామంది మొదటి గంటల్లోనే దిగి కార్లెక్కారు. ఇనో దాదాపు 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, రెండోవాడి కంటే 9 నిమిషాల 24 సెకన్లు ముందు వచ్చాడు. రెండు వేళ్లు మొద్దుబారిపోయాయి, వాటి స్పర్శ మళ్లీ పూర్తిగా రాలేదు. గోడ మీద అతికించుకోదగ్గ కథే. కానీ దాని మధ్యలో ఒక చిన్న సంగతి ఉంది. తిండి అందించే చోటికి చేరేసరికి మంచు ఇంకా కురుస్తుంటే దిగిపోదామని ఇనో కూడా అనుకున్నాడు. అక్కడికి వచ్చేసరికి మంచు తగ్గి వానయింది. కాబట్టి సాగాడు. మొండితనానికి మారుపేరుగా చెప్పుకునే మనిషి కూడా దిగే చోటు ముందే గుర్తుపెట్టుకుని తొక్కాడన్నమాట.

అదే ఏడాది జులైలో ఏం జరిగిందో చెప్పేవాళ్లు తక్కువ. టూర్ డి ఫ్రాన్స్. వానలు, తడిసిన రాళ్లు పరిచిన దారులు. ఇనో మోకాలు వాచింది. పసుపు చొక్కా అతని ఒంటి మీదే ఉంది, అంటే అందరికంటే ముందున్నాడు. పిరనీ కొండలు మొదలయ్యే ముందు, పో అనే పట్టణంలో, ఒక రాత్రి పందెం వదిలేశాడు. హోటల్ ముందు విలేఖరులు కాపలా ఉంటే వంటింటి దారిన బయటపడ్డాడు. పసుపు చొక్కాతో ఉన్నవాడు దొంగలా వెళ్లిపోవడం ఏమిటని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ మర్నాడు మొదటి స్థానానికి వచ్చిన యోప్ జూటెమెల్క్ ఆ చొక్కా వేసుకోవడానికి ఒప్పుకోలేదు. ఇనో మోకాలు నయం చేసుకున్నాడు. ఆగస్టు 31న సలాంష్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1981లో, 1982లో టూర్ మళ్లీ గెలిచాడు. ఏప్రిల్‌లో దిగనిదీ, జులైలో దిగిందీ ఒకే మనిషి. మంచు బయటిది, మోకాలు లోపలిది. ఆ తేడా తెలుసుకోవడానికి అతనికి మూడు నెలలు కూడా అక్కరలేకపోయింది. మాకు జీవితాలు సరిపోవడం లేదు.

దిగనివాడి కథ కూడా ఉంది. టామ్ సింప్సన్, 29 ఏళ్ల ఆంగ్లేయుడు, 1965లో ప్రపంచ చాంపియన్. 1967 టూర్‌లో కొండల మధ్య అతనికి కడుపు చెడింది, తిన్నది నిలవలేదు. అయినా సాగాడు. జులై 13న భగ్గుమనే ఎండలో మాన్ వెంతూ ఎక్కుతూ, శిఖరం ఇంకా కిలోమీటరుకు పైగా ఉందనగా పడిపోయాడు. లేపి సైకిల్ ఎక్కించారు. కొంత దూరం పోయి మళ్లీ పడ్డాడు. ఇక లేవలేదు. శవపరీక్షలో ఉత్ప్రేరక మాత్రలు, మద్యం ఆనవాళ్లు దొరికాయి. ఎండ, జబ్బు, మందులు, అలసట కలిసి చంపాయి. తనను మళ్లీ సైకిల్ ఎక్కించమనడమే అతని చివరి మాటగా లోకమంతా చెప్పుకుంటుంది. ఆ వాక్యం ఒక విలేఖరి అల్లినదట. దగ్గరున్న మెకానిక్ విన్నది కాలి పట్టీలు బిగించమనే లాంటి పొడి మాట. లోకానికి ఆ పొడి మాట ఆనలేదు. దానికి మా ఊరి మైకు ప్రకటనే కావాలి. అతను పడిన చోట ఇప్పుడు రాయి ఉంది. కొండెక్కే సైకిలిస్టులు దాని దగ్గర ఆగి నీళ్ల సీసాలు, టోపీలు పెట్టి పోతుంటారు.

వాతావరణం విషయంలో పందేల పెద్దలు కాస్త మారారు. 1988 జూన్ 5న ఇటలీలో గావియా కనుమ మీద మంచు తుఫానులో పందెం ఆపకుండా నడిపించి, గడ్డకట్టిన మనుషులను కార్లలో కూర్చోబెట్టి కాచుకున్న రోజుల నుంచి, 2019 జులై 26న టూర్ దారిలో వడగళ్లు పడి కొండచరియ జారితే పందెం మధ్యలోనే నిలిపేసిన రోజు దాకా వచ్చారు. అంతర్జాతీయ సమాఖ్య ఇందుకు రాతపూర్వక నియమాలు పెట్టింది. మాకు రాయని నియమం ఒకటుంది: కటాక్షపూర్ చెరువు మత్తడి రోడ్డెక్కితే రైడ్ రద్దు. దాని మీద వాదన లేదు. 2023 జులైలో మా దారిలోనే ఉండే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందు ఎన్నడూ నమోదు కానిది. వరంగల్‌లో ఏడాదంతా కురిసే వానలో సగానికి పైనే. మోరంచపల్లి జనం ఇళ్ల కప్పుల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అది చూశాక ఇక్కడ ఎవరూ వానతో పరాచికాలాడరు.

ఒంటికి మాత్రం మత్తడి కొలిచే రాయి లేదు. ఉన్నదల్లా డాక్టర్లు చెప్పే ఒక మెడ లెక్క. ఇబ్బంది మెడకు పైన ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర అయితే, మెల్లగా తొక్కి చూడొచ్చు. మెడకు కింద ఉంటే, అంటే ఛాతీ బరువు, లోపలి దగ్గు, ఒళ్లు నొప్పులు, కడుపు చెడడం, వీటిలో ఏదున్నా వద్దు. జ్వరం ఉంటే అసలే వద్దు. ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, ఊరికే కూర్చున్నా సరే. దాని మీద ఎత్తు ఎక్కితే? వైరస్ గుండె కండరాన్ని తాకిన అరుదైన సందర్భాల్లో క్రీడాకారులకు మూడు నుంచి ఆరు నెలల విశ్రాంతి చెబుతారు. పారాసిటమాల్ వేసుకుంటే థర్మామీటరులో అంకె దిగుతుంది, జబ్బు దిగదు. డెంగీ కాలంలో అయితే ఒళ్లు నొప్పులని ఐబుప్రొఫెన్ లాంటివి మింగడం ఇంకా ప్రమాదం, రక్తస్రావానికి దారి తీయొచ్చు. ఇవన్నీ తెలిసినవాళ్లే మాలో చాలామంది. డాక్టర్లూ ఉన్నారు. తెలియక ఎవరూ జ్వరంతో తొక్కరు.

ఒక శ్రావణమాసపు ఆదివారం హనుమకొండ నుంచి రామప్ప దాకా వెళ్లి రావాలి. రానూపోనూ దాదాపు 140 కిలోమీటర్లు. ముందు రాత్రి నుంచే నాకు ఒళ్లు వెచ్చగా ఉంది. తెల్లవారుజామున చూసుకుంటే మరీ ఎక్కువేం లేదు. బయల్దేరాను. ములుగు రోడ్డెక్కి ఆరెపల్లి దాటేదాకా బాగానే ఉంది. గూడెప్పాడు దగ్గర ముసురు వానయింది. చల్లబడాల్సిన ఒళ్లు చల్లబడలేదు, వణకడం మొదలుపెట్టింది. పళ్లు తాటించే చలి. ఆగస్టులో, ఇరవై అయిదు డిగ్రీల గాలిలో! తడిసిన బట్టలు, ఎదురుగాలి, లోపల జ్వరం కలిస్తే చలికి ఋతువుతో పని లేదు. రోజూ ఎత్తని అనిపించని ఎత్తులన్నీ లేచి నిలబడ్డాయి. ఒక వింత కూడా జరిగింది, జ్వరంతో తొక్కినవాళ్లు చాలామంది చెబుతారు దీన్ని. మనసు బాగా తేటపడింది. చక్రం కింద నీళ్లు చీలే చప్పుడు, చైను గరగర, ఎక్కడో కప్పలు, అన్నీ విడివిడిగా వినిపించాయి. ఈ తేటదనమే మోసం. ఇంత స్పష్టంగా ఉన్నాను కాబట్టి బాగానే ఉన్నాననిపిస్తుంది.

మల్లంపల్లి దగ్గర ఒక రేకుల షెడ్డు కింద చాయ్ కోసం ఆగాను. అక్కడి ముసలవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“గీ ముసుర్ల సైకిలేసుకొని యాడికి బిడ్డా?”

“రామప్ప దాకా పోయి రావాలె అవ్వా.”

“మొక్కున్నదా?”

“మొక్కు లేదు. పోటీ లెక్క.”

“గెలిస్తె ఏమిస్తరు?”

“గెలుసుడు ఉండదవ్వా. టైముల పోయొస్తె పతకం ఇస్తరు. దానికి పైసలు మనమే కట్టాలె.”

అవ్వ చాయ్ గ్లాసు చేతికిస్తూ నా వేళ్లు పట్టుకుంది. “పెయ్యి కాలిపోతున్నది గద. మా ముసలోడు గిట్లనే జరం మీద సైకిలెక్కి ఊరూరు తిరిగి గిన్నెలమ్మేటోడు. ఆయన్నంటె అప్పు పొమ్మన్నది. నిన్నెవలు పొమ్మన్నరు?”

జవాబు లేదు. ఎవరూ పొమ్మనలేదు. ఇంట్లో వద్దన్నారు. తోటివాళ్లకు చెప్పి ఉంటే వాళ్లూ వద్దనేవాళ్లు, అందుకే చెప్పలేదు. మొక్కున్నదా అని ఆమె అడగడం సరైన అడుగుడే. ఆ రోడ్డు మేడారం పోయే రోడ్డు. జాతరప్పుడు పసిపిల్లల్ని ఎత్తుకుని, కాళ్లు పుండ్లు పడినా నడిచిపోయేవాళ్లను ఆమె ఎంతమందిని చూసి ఉంటుందో. కానీ మొక్కుకు కూడా ఒక వెసులుబాటుంది. ఒంట్లో బాగాలేకపోతే ముడుపు కట్టి, వచ్చే జాతరకు తీర్చుకుంటాం తల్లీ అంటారు. సమ్మక్క రెండేళ్లు ఆగుతుంది. మేం మా చేతికి మేమే కట్టుకున్న గడియారం రెండు నిమిషాలు ఆగదు.

అక్కడే దిగిపోయాను. హనుమకొండకు ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటో దొరికింది. సైకిల్‌ను అడ్డంగా పడుకోబెట్టి, పక్కన యూరియా సంచుల పట్టా కప్పుకుని కూర్చున్నాను. ఎదురుగా మావాళ్లు ఒక్కొక్కరే వస్తూ కనిపించారు. చేతులూపారు. నేనూ ఊపాను. వాళ్లకు ఏమనిపించిందో గానీ నాకు మాత్రం పట్టా కింద దాక్కోవాలనిపించింది. వంటింటి దారిన వెళ్లిపోయిన ఇనో మీద ఆ రోజు ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

రక్తపరీక్ష చేయిస్తే డెంగీ కాదన్నారు, ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయన్నారు. ఉత్త వైరల్ జ్వరం. వారం తిరక్కుండానే లేచి తిరిగాను. ఆ మాట విని మా జట్టులో ఒక కుర్రాడు, “మామూలు జ్వరమేనా అన్నా? మరి వచ్చేస్తే అయిపోయేది గదా” అన్నాడు. వాడికి దురుద్దేశం ఏమీ లేదు. వాడన్నది తప్పనీ రుజువు చేయలేను. తొక్కి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. రామప్ప చూసి, కార్డు మీద ముద్ర వేయించుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరేవాడినేమో.

దిగినవాడి చిక్కు ఇదే. పూర్తి చేసినవాడికి పతకం ఉంది, పడిపోయినవాడికి రాయి ఉంది. సమయానికి దిగినవాడికి ఏమీ ఉండదు. రాని ఆపదకు సాక్ష్యం ఎక్కడ తెస్తాం? ఇనోకు సలాంష్ దొరికింది కాబట్టి ఆ జులై రాత్రి తెలివైన పని అయింది. దొరక్కపోతే పిరికిపనిగానే మిగిలేది. మాలాంటివాళ్లకు ఏ సలాంషూ దొరకదు. సోమవారం పొద్దున ఆఫీసులో దగ్గుతూ కూర్చోవడమే మా ప్రపంచ చాంపియన్‌షిప్పు. బడిమైదానం అరుగు మీద కూర్చున్న పిల్లలం ఆ ఆటగాడు దిగుతుంటే చూడాలని ఎందుకంత తహతహలాడామో ఇప్పుడనిపిస్తుంది: దిగితే దొంగ అని పట్టుకోవడానికే. దిగితే పడుకోనిద్దామని ఒక్కరమూ అనుకోలేదు.

అవ్వ అడిగిన దానిలో రెండో సగం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు. ఆయన్నంటే అప్పు పొమ్మన్నది. ఓరుగల్లులో జ్వరంతో, వానలో, గడియారంతో పందెం వేసి తొక్కినవాళ్ల అసలు జాబితా రాస్తే అందులో మేం ఉండం. 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడేదాకా షిఫ్టు వేళకు సైకిళ్ల మీద పరుగెత్తిన కార్మికులుంటారు. కాజీపేటలో రాత్రి డ్యూటీకి పోయిన రైల్వేవాళ్లుంటారు. తెల్లారకముందే పాలక్యాన్లు తగిలించుకుని వచ్చేవాళ్లు, పేపరు వేసే పిల్లలు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో చీకట్లోనే బయల్దేరే హమాలీలుంటారు. ఇప్పుడు సుబేదారిలో, నక్కలగుట్టలో వాన కోటు మీద అన్నం సంచి తగిలించుకుని తిరిగే కుర్రాళ్లుంటారు. వాళ్ల బండి మోటారుది కావచ్చు, ఫోన్లో నడిచే గడియారం మా బ్రెవే కార్డు కంటే కచ్చితమైనది. మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. దిగే హక్కు లేనివాళ్లు వాళ్లు. ఆ హక్కు ఉండి కూడా వాడుకోకపోవడాన్ని మేం శౌర్యం అనుకుంటున్నాం. వానలో వేడిగా బిర్యానీ తెప్పించుకునేటప్పుడు తెచ్చినవాడి మొహం ఒకసారి చూడండి. ఒళ్లు కాలుతున్నట్టుంటే ఒక గ్లాసు వేడినీళ్లివ్వండి, అయిదు నక్షత్రాలూ ఎలాగూ ఇవ్వండి.

మన ఊళ్లో రైడ్లు నడిపే మిత్రులకు కూడా ఒక మనవి ఉంది. వానాకాలం రైడ్ వెనక ఒక ట్రాలీ ఆటోను కిరాయికి పెట్టండి. మల్లంపల్లి దాకా ఒకటి, ములుగు దాటాక ఒకటి ఉంటే ఇంకా మంచిది. బయల్దేరే చోట కార్డుల పక్కన ఒక థర్మామీటరు ఉంచండి, అడగకుండానే అందరికీ పెట్టండి. సాయంత్రం పేర్లు చదివేటప్పుడు పతకాలవాళ్లవి అయిపోయాక మైకు కట్టేయకుండా, ఆటో ఎక్కినవాళ్ల పేర్లు కూడా, ఎన్నో కిలోమీటరు దగ్గర ఎక్కారో చెప్పి, అదే గొంతుతో చదవండి.